ఉత్తమ అధ్యాపకుణ్ణి ఎంచే కుర్చీ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఉత్తమ అధ్యాపకుడి లక్షణాల మీద ఒక అరగంట మాట్లాడండి సాబ్" అన్నారు. ఆ లక్షణాల మీద ఏటా సెప్టెంబర్ 5న ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఫొటోకు దండ వేసి, ఆయన 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారని గుర్తు చేసుకుని, శాలువాలు కప్పి, ఇళ్ళకు పోతాం. అందుకని నేను కార్యదర్శి గారితో, "ఉత్తమ అధ్యాపకుడి గురించి కాదు, అతన్ని ఎంపిక చేసేవాళ్ళ గురించి మాట్లాడతాను" అన్నాను. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. అక్కడ నేను చేసిన ఒక తప్పు మీ ముందు చెప్పుకోవాలని కూడా ఉంది.

ముందే ఒక మాట. పైరవీల గురించి నేను మాట్లాడను. "మనవాడే, కాస్త చూడండి" అనే ఫోన్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పైరవీ ఏదీ లేకుండా, నిజాయితీగా కూర్చున్న ఐదుగురు ప్రొఫెసర్లు కూడా ఎలా తప్పు చేస్తారన్నదే నేను చెప్పబోయేది. దొంగ లెక్కను ఆడిట్‌లో పట్టుకోవచ్చు. మంచి మనసుతో వేసిన తప్పు లెక్కను ఎవరూ పట్టుకోరు.

కొన్నేళ్ళ కిందటి సంగతి. ఒక విశ్వవిద్యాలయం తన పరిధిలోని కాలేజీల అధ్యాపకులకు ఇచ్చే ఉత్తమ బోధన అవార్డుకు సెలెక్షన్ కమిటీ వేసింది. మేం ఐదుగురం. ఒకరిది ఇంగ్లీషు, ఒకరిది కామర్స్, ఇద్దరిది లైఫ్ సైన్సెస్, నాది కెమిస్ట్రీ. నలభై పైచిలుకు ఫైళ్ళు వచ్చాయి. రెండు పూటలు టైమిచ్చారు. పూటకు నాలుగు గంటలు అనుకుంటే, మధ్యలో టీ, సమోసా, ఫోన్లు తీసేసి చూస్తే ఫైలుకు పది నిమిషాలు కూడా దక్కవు. ఒక మనిషి ఇరవై ఏళ్ళ నుంచి రోజుకు నాలుగు గంటలు నిలబడి చెప్పిన చదువును పది నిమిషాల్లో తేల్చాలి. మాలో ఒక్కరం కూడా ఆ నలభై మందిలో ఒక్కరి క్లాసులోనూ ఒక్క గంట కూర్చోలేదు. ఆ విషయం ఆ గదిలో ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

మాకిచ్చిన మార్కుల షీటు చెబుతాను, వినండి. వందలో 45 పరిశోధన పత్రాలకు, పుస్తకాలకు, సెమినార్లకు. 20 ఎన్ఎస్ఎస్, ఎన్‌సిసి, పరీక్షల విధులు వంటి బాధ్యతలకు. 15 ఉత్తీర్ణత శాతానికి. 10 విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కు. చివర 10 'బోధనలో నూతన పద్ధతులు' అన్నదానికి. అవార్డు పేరేమో ఉత్తమ బోధన. ఈ షీటును ఎవరో కుట్ర చేసి తయారు చేశారని అనుకోకండి. 2010లో యూజీసీ ప్రమోషన్లకు ఏపీఐ స్కోరు అనే లెక్క పెట్టింది. 2018 నిబంధనల్లో దాన్ని చాలావరకు మార్చారు గానీ, ఆ ఎనిమిదేళ్ళలో మన చేతులకు ఒక అలవాటు వచ్చేసింది. సర్టిఫికెట్ ఉన్నదానికి మార్కు. సర్టిఫికెట్ లేనిదానికి "బాగా చెబుతాడటండీ" అనే ఒక మాట. ఆ మాటను షీటులో వేయడానికి గడి లేదు.

ఫైళ్ళు చూసే మనిషి లోపల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. పొద్దున చూసిన మొదటి మూడు ఫైళ్ళకు మార్కులు బిగపట్టి వేస్తాం, ఇంకా గొప్పవి వస్తాయేమోనని. భోజనమయ్యాక చెయ్యి వదులవుతుంది. మన సబ్జెక్టు ఫైలు వస్తే ప్రేమ, దాంతోపాటు ఈర్ష్య. ఇంగ్లీషులో, అందంగా, స్పైరల్ బైండింగ్‌తో ఉన్న ఫైలు చేతిలో పడగానే ఒక గౌరవం. తెలుగులో రాసిన ఫైలు వస్తే, మనం తెలుగువాళ్ళమే అయినా, "పాపం" అనే ఒక చూపు. ఆ చూపు మార్కుల్లోకి దిగుతుంది. ఎంత దిగిందో వేసినవాడికే తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం నా చేతికి వచ్చిన ఒక ఫైలు పదకొండు పేజీలు. మండల కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఒక మేడమ్‌ది. పత్రాలు రెండే. సెమినార్లు నాలుగైదు. ఉత్తీర్ణత ఫరవాలేదు. చివర అనుబంధంగా ఒక నోట్‌బుక్ జిరాక్స్ పేజీలు కొన్ని, చేతిరాతతో, తెలుగులో. పైన 'తప్పుల పుస్తకం' అని ఉంది. ప్రిన్సిపాల్ సంతకం లేదు, స్టాంపు లేదు. నేను ఒక పేజీ తిప్పాను, రెండో పేజీ సగం తిప్పాను, నూతన పద్ధతుల గడిలో పదికి మూడు వేసి ఫైలు పక్కన పెట్టాను. అవార్డు మూడు వందల పేజీల ఫైలుకు వచ్చింది. ఆ గెలిచినాయన చెడ్డ అధ్యాపకుడని నేను అనడం లేదు. ఆయన ఎలాంటి అధ్యాపకుడో మాకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

రెండేళ్ళ తర్వాత ఒక ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా ఒక కాలేజీకి వెళ్ళాను. ల్యాబ్‌లో ఫ్యాన్లు సగం తిరగడం లేదు. బ్యూరెట్లు పాతవి, కానీ కడిగి వరసగా పెట్టారు. పిల్లలు టైట్రేషన్ చేస్తున్నారు. వైవాలో నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. కెమిస్ట్రీ చదవనివాళ్ళు విసుక్కోకండి, చిన్న సంగతే. బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే ఒకసారి కడగాలి. కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం నీళ్ళతోనే కడగాలి, ద్రావణంతో కడగకూడదు. ఎందుకు? యూనివర్సిటీలో ఎంఎస్సీ పిల్లల్ని అడిగినా సగం మంది "ప్రొసీజర్‌లో అలా ఉంది సార్" అంటారు.

ఆ ల్యాబ్‌లో మొదటి అమ్మాయి ఇలా చెప్పింది. "బ్యూరెట్‌లో నీటిచుక్కలు మిగిలితే ద్రావణం పలచబడుతుంది సార్, మనం కొలిచే చిక్కదనం అబద్ధమవుతుంది. ఫ్లాస్క్ సంగతి వేరు. షర్బత్ గ్లాసులో రెండు చెంచాల చక్కెర లెక్కపెట్టి వేశాక నీళ్ళు ఎన్ని పోసినా చక్కెర రెండు చెంచాలే. అదే గ్లాసును ముందే చక్కెర నీళ్ళతో కడిగి ఉంటే లెక్క తప్పుతుంది." రెండో అబ్బాయిని అడిగాను, మూడో పిల్లను అడిగాను. మాటలు వేరు, అర్థం అదే. బట్టీ పట్టి చెప్పేవాళ్ళ మాటలు ఒకేలా ఉంటాయి. వీళ్ళవి అలా లేవు.

మీకు కెమిస్ట్రీ ఎవరు చెబుతారని అడిగితే, తలుపు దగ్గర నిలబడి ఉన్న మేడమ్‌ను చూపించారు. పేరు వినగానే నాకు ఫైలు గుర్తొచ్చింది. మధ్యాహ్నం టీ తాగుతున్నప్పుడు ఆమె అసలు నోట్‌బుక్ తెచ్చి చూపించింది. ఒక్కో ఏడాదికి ఒకటి. ఒక పేజీలో ఏముందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. రెండో సంవత్సరం బి సెక్షన్‌లో పద్నాలుగు మంది ఫ్లాస్క్‌ను కూడా ద్రావణంతో కడిగారు. కింద ఆమె రాసుకున్నది, "రెండింటికీ నేను 'కడగండి' అన్న ఒక్క మాటే వాడాను. తప్పు నాది." దాని కింద వచ్చే ఏడాది ఏం చెప్పాలో ఉంది. షర్బత్ గ్లాసు అక్కడిదే. ఆ తర్వాతి ఏడాది పేజీలో, అదే తప్పు ఎంతమంది చేశారో మళ్ళీ లెక్క ఉంది. ముగ్గురు.

అప్పుడు ఆమె అడిగింది, "సార్, అవార్డుకు పంపిన ఫైల్లో ఈ పేజీల జిరాక్స్ పెట్టాను. మీరు కమిటీలో ఉన్నారని తర్వాత తెలిసింది. చూశారా?"

"చూశానమ్మా, చాలా బాగుంది" అన్నాను.

అవార్డు రానందుకు ఆమె ఒక్క మాట అనలేదు. చూశానన్నందుకు సంతోషపడింది. నేను టీ సగంలో వదిలేసి జవాబు పత్రాల దగ్గరికి వెళ్ళిపోయాను. అవార్డు ఇవ్వకపోవడం ఒక తప్పు. దాన్ని పది నిమిషాల మీద, షీటు మీద నెట్టేయవచ్చు. ఆ అబద్ధాన్ని దేని మీద నెట్టాలి?

ఆ తర్వాతే నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. పదవిలో ఉన్నన్నాళ్ళూ తీర్పులు చెప్పి, తీర్పు ఎలా చెప్పాలో రిటైర్మెంట్ ముందు చదవడం మన దేశంలో మామూలే.

చదివినవాటిలో మీకు నచ్చే కథ ఒకటుంది. 1970లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. మైకేల్ ఫాక్స్ అనే నటుణ్ణి 'డాక్టర్ మైరన్ ఫాక్స్' అని పరిచయం చేసి, మానసిక వైద్యుల సభలో ప్రసంగం ఇప్పించారు. వైద్య విద్యకు గేమ్ థియరీ అన్వయం అన్నది విషయం. ఆయనకు ఆ విషయం ఏమీ తెలియదు. పరస్పర విరుద్ధమైన మాటలు, అర్థం లేని కొత్త పదాలు, మధ్యలో హాస్యం కలిపి ఎలా చెప్పాలో నేర్పి పంపారు. విన్న చదువుకున్న పెద్దలు ఫీడ్‌బ్యాక్ కాగితాల్లో ఆయనను మెచ్చుకున్నారు. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ మాట మీకు చెబుతూ నేనూ మైకు ముందే నిలబడి ఉన్నానని మరిచిపోలేదు.

విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ మీద మరో ప్రయోగం 2015లో అచ్చయింది, నార్త్ కరోలినాది. ఆన్‌లైన్ కోర్సు. ఒక మగ అధ్యాపకుడు, ఒక మహిళా అధ్యాపకురాలు. ముఖాలు కనిపించవు కాబట్టి, ఒక్కొక్కరు ఒక సెక్షన్‌కు తమ పేరుతో, ఇంకో సెక్షన్‌కు ఎదుటివారి పేరుతో చెప్పారు. పేపర్లు దిద్ది ఇచ్చిన రోజులు రెండు పక్కలా ఒకటే. అయినా సకాలంలో పని చేస్తారా అన్న ప్రశ్నకు, మగ పేరుకు ఐదుకు 4.35, ఆడ పేరుకు 3.55 వచ్చింది. నలభై చిల్లర మంది పిల్లలతో చేసిన చిన్న ప్రయోగం, దాని మీద మేడలు కట్టకూడదు. కానీ మన కాలేజీల్లో కొత్తగా చేరిన ఆడపిల్ల క్లాసుకు వెళ్తే వెనక బెంచీల్లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

నన్ను ఎక్కువ కదిలించింది 2010లో కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు రాసిన పత్రం. అమెరికా వైమానిక దళ అకాడమీలో పిల్లల్ని ఏ సెక్షన్‌లో వేయాలో వాళ్ళ ఇష్టం కాదు, లాటరీ లాంటి పద్ధతి. పరీక్ష పేపరు అందరికీ ఒకటే. మొదటి కాలిక్యులస్ కోర్సులో ఎవరి దగ్గర పిల్లలకు మంచి మార్కులు వచ్చాయో వాళ్ళకు ఫీడ్‌బ్యాక్ కూడా బాగా వచ్చింది. తర్వాతి ఏడాది పై కోర్సుల్లో చూస్తే కథ తిరగబడింది. అనుభవజ్ఞులైన, ఫీడ్‌బ్యాక్ తక్కువ వచ్చిన అధ్యాపకుల పిల్లలే పైన బాగా రాశారు. పరీక్షకు చెప్పేవాడు ఆ ఏడాది మంచివాడు. పునాది వేసేవాడి మంచి తర్వాత ఎప్పుడో బయటపడుతుంది, అదీ ఇంకొకరి క్లాసులో. అవార్డు కమిటీ ఆ ఏడాదే కూర్చుంటుంది కదా!

ఇవన్నీ చూసి ఫీడ్‌బ్యాక్ ఎత్తేయాలని నేను అనను. పిల్లలకు తెలిసినవి కొన్ని మరెవరికీ తెలియవు. సార్ క్లాసుకు వస్తారా, రారా? అడిగితే కసురుకుంటారా? పేపరు ఎప్పుడు దిద్ది ఇస్తారు? ఇవి పిల్లలనే అడగాలి. 2018లో కెనడాలో రైయర్సన్ విశ్వవిద్యాలయం కేసులో మధ్యవర్తి కూడా ఇలాంటి మాటే చెప్పాడు. విద్యార్థుల అనుభవం తెలుసుకోవడానికి ఫీడ్‌బ్యాక్ పనికొస్తుంది, ప్రమోషన్ కోసం బోధన ఎంత ఫలించిందో కొలవడానికి మాత్రం వాడొద్దని తీర్పు ఇచ్చాడు.

ఇంగ్లండ్‌లో 2000 సంవత్సరంలో నేషనల్ టీచింగ్ ఫెలోషిప్ అని మొదలుపెట్టారు. మొదట్లో ఏడాదికి 20 మందికి, ఒక్కొక్కరికి 50 వేల పౌండ్లు. ఇప్పుడు అడ్వాన్స్ హెచ్ఈ అనే సంస్థ నడుపుతోంది. అవార్డులు 55 దాకా పెరిగాయి, డబ్బు తగ్గుతూ పోయింది. ఫైళ్ళు చూసేది తోటి అధ్యాపకులే. వాళ్ళు చూసేవి మూడు. మనిషి బోధన ఎలా ఉంది, ఇతరుల బోధన మీద దాని ప్రభావం ఏమిటి, తన బోధనను తాను ఎలా మెరుగుపరుచుకుంటున్నాడు. పరిశోధన పత్రాల సంఖ్యకు అక్కడ గడి లేదు. ఆ మూడో ప్రశ్న చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తప్పుల పుస్తకం. నేను పదికి మూడు వేసిన దానికి అక్కడ మూడింట ఒక వంతు స్థానముంది. అయితే అక్కడా లోపముంది. క్లాసుకు ఎవరూ వెళ్ళరు, రాసి పంపినదాన్నే చూస్తారు. రాయడం వచ్చినవాడు, రాయించే విభాగం ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం వాడు ముందుంటాడు. విద్యాసంస్థలకే బంగారు, వెండి, కాంస్య స్థాయిలిచ్చే టెఫ్ అనేది కూడా అక్కడుంది. దాని ప్యానెల్లో విద్యార్థులు సభ్యులుగా కూర్చుంటారు. ఆ ఒక్క పద్ధతి మనం రేపే తెచ్చుకోవచ్చు, ఖర్చు కూడా లేదు.

మన దగ్గర బడి టీచర్లకు జాతీయ అవార్డులు 1958 నుంచి ఉన్నాయి. డిగ్రీ, యూనివర్సిటీ అధ్యాపకులను 2023లో చేర్చారు. ఆ ఏడాది మొత్తం 75 మందిలో ఉన్నత విద్య నుంచి 13 మంది. ఆలస్యమైనా మంచి పని. ఇప్పుడు మన జిల్లాల నుంచి కూడా పేర్లు వెళ్ళాలి, కాబట్టి ఇక్కడున్న అధ్యాపకులతో కాస్త కఠినంగా మాట్లాడతాను. మీ ఫైళ్ళు నేను చూశాను. అందులో మీరు కనబడరు. మంత్రి గారితో ఫొటో ఉంటుంది, రిబ్బన్ కట్ చేసిన ఫొటో ఉంటుంది, పిల్ల రాసిన జవాబు ఒక్కటి కూడా ఉండదు. మూడు వందల పేజీలు పంపకండి. పిల్లలకు ఏది ఎక్కలేదు, మీరేం మార్చారు, మార్చాక ఏమైంది, ఇవి పది పేజీల్లో రాయండి. తెలుగులో రాస్తే సిగ్గుపడకండి. దయచేసి ప్రిన్సిపాల్ సంతకం మాత్రం పెట్టించండి. నాలాంటి సోమరివాళ్ళు ఇంకా కమిటీల్లో ఉన్నారు.

కమిటీల్లో కూర్చునే ప్రొఫెసర్లు కూడా ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళకు నేను నేర్పేంతవాణ్ణి కాను. చివరి వడపోతలో మిగిలిన ఐదుగురి క్లాసులకైనా వెళ్ళండి. ముందే చెప్పి వెళ్తే నాటకమవుతుందంటారు. కానివ్వండి, పిల్లల మొహాలు నాటకం ఆడలేవు. పాత విద్యార్థులకు, మూడేళ్ళ కిందట చదివి వెళ్ళినవాళ్ళకు, ఫోన్ చేయండి. ఒక్కో ఫైలును ఇద్దరు విడివిడిగా చూసి, మార్కులు వేసుకున్నాకే ఒకరికొకరు చెప్పుకోండి. మేం అలా చేయలేదు. మాలో సీనియర్ మొదట తన మార్కు పైకి చదివేవారు, మిగతా నలుగురం దాని చుట్టుపక్కలే తిరిగేవాళ్ళం.

తర్వాత మరో కమిటీకి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. షీటు మార్చే అధికారం లేదన్నారు. సరే, దరఖాస్తుకు ఒక పేజీ అదనంగా జోడించండి అన్నాను. 'ఈ ఏడాది మీ క్లాసులో ఏ పాఠం సరిగా చెప్పలేకపోయారు? దానికి ఏం చేశారు?' చాలామంది ఖాళీగా వదిలేశారు. కొందరు "అలాంటిదేమీ లేదు" అని రాశారు. ఒక కామర్స్ అధ్యాపకుడు మాత్రం, క్యాష్ బుక్‌లో డెబిట్‌గా రాసింది బ్యాంకు పాస్‌బుక్‌లో క్రెడిట్‌గా ఎందుకు కనబడుతుందో పిల్లలకు రెండేళ్ళుగా చెప్పలేకపోయానని ఒప్పుకున్నాడు. మూడో ఏడాది ఒక పిల్లవాణ్ణి బ్యాంకుగా, ఇంకొకణ్ణి కిరాణా కొట్టుగా కూర్చోబెట్టి, ఒకే డిపాజిట్‌ను ఇద్దరి చేతా రెండు పుస్తకాల్లో రాయించాడట. "ఈ డబ్బు నాది" అని కొట్టువాడు, "నేను నీకు బాకీ" అని బ్యాంకువాడు అనేసరికి క్లాసంతా ఒకేసారి నవ్విందని రాశాడు. ఆ పేజీకి మార్కులు లేవు. అతను మొత్తం మీద నాలుగో స్థానంలో ఆగిపోయాడు. ఆ పేజీకి 20 మార్కులైనా కేటాయించాలని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, మళ్ళీ రాశాను.

ఇక ఆ మేడమ్ సంగతి. ఆమె కూడా రిటైరయ్యారు. ఈ ప్రసంగం రాసుకున్నాక ఒక కాపీ తీసి నిన్న ఆమెకు పోస్టులో వేశాను. దాంతోపాటు ఒక చిన్న చీటీ పెట్టాను, ఆ రోజు నేను చూడలేదని, ఆ నోట్‌బుక్కులన్నీ ఒకసారి చదవడానికి ఇస్తారా అని.